వాట్‌గంజ్‌లో ఒక సమయోజనీయ బంధం

మానవ నాగరికత కనిపెట్టిన వస్తువులలో బకెట్టుకు దక్కవలసిన గౌరవం ఇంతవరకూ దక్కలేదు. కిరీటం తలమీద ఉన్నంతసేపే రాజు రాజు. గుమ్మం దాటితే దర్వాను దర్వాను కాడు. బకెట్టు మాత్రం తన యజమాని నిద్రపోతున్నా, టీ తాగుతున్నా, పక్కింటివాళ్ళతో తగవులాడుతున్నా, కుళాయి ముందు వరుసలో ఆ యజమాని తరఫున నిలబడి, అతని హక్కును అంగుళమైనా జారనివ్వకుండా కాపాడుతుంది. వాట్‌గంజ్‌లో హుగ్లీ ఒడ్డున ఓడల డాకు పనివాళ్ళుండే తెలుగు లైన్‌లో ఈ సత్యాన్ని ఎవరూ శాసనంగా చెక్కించలేదు గాని, అందరూ శిరసావహిస్తారు. ఇంటికొక బకెట్టు. బకెట్టుకొక వంతు. వంతు తప్పించినవాడికి లైన్‌లో పిల్లనిచ్చేవాడుండడు.

ఈ ధర్మానికి ఉన్న ఏకైక మినహాయింపు దాలమ్మ బకెట్టు. తీగ చుట్టిన పిడి, అడుగున తారు మాటు, నీలిరంగు వెలిసి బూడిదలో కలుస్తున్న ఒళ్ళు. కుళాయి దగ్గర అది ఒక్కటే ఉన్నా, రెండు ఇళ్ళ లెక్క. దాలమ్మ పెద్దకొడుకు గవరయ్య ఇంటివాళ్ళు "మా బకెట్టు ముందుంది" అంటారు. గోడకు అవతల చిన్నకొడుకు వెంకటేశు ఇంటివాళ్ళూ అదే బకెట్టును చూపించి అదే మాట అంటారు. ఇద్దరూ నింపుకుంటారు. అందరికన్నా ముందు లేచి, లైన్ చివరనున్న పాయిఖానా నుంచి వస్తూ, తూము నోట్లో ఇరుక్కున్న చెత్తను చేత్తో తీసేసే ముసలమ్మ బకెట్టు కాబట్టి, ఈ దొంగలెక్కను లైన్ మొత్తం పెద్దమనసుతో చూసీచూడనట్టు ఊరుకుంటుంది.

ఆ గురువారం ఉదయం గవరయ్య కూతురు సుజన, పళ్ళు తోముకుంటూ ఆ బకెట్టును చూసి, నోట్లో నురుగుతోనే నిశ్చేష్టురాలై నిలబడిపోయింది. పదకొండో తరగతిలో సైన్సు తీసుకున్న మొదటి ఆడపిల్ల ఆ లైన్‌లో ఆమే. అంతకుముందు ట్యూషన్‌లో తిరుపతిరావు సారు ఒక మాట చెప్పారు. రెండు క్లోరిన్ పరమాణువులున్నాయి; ఒక్కొక్కదానికి బయటి కక్ష్యలో ఏడేసి ఎలక్ట్రాన్లు; ఎనిమిదైతేనేగాని మనశ్శాంతి లేదు. ఎవరూ ఎవరికీ ఇవ్వరు. అందుకని చెరొక ఎలక్ట్రానూ మధ్యలో పెట్టి, ఆ జంటను ఇద్దరూ తమదిగానే లెక్కవేసుకుంటారు. దాని పేరు సమయోజనీయ బంధం. సారు ఆ పదాన్ని బల్లమీద తెలుగులో రాస్తే, తెలుగు అక్షరాలు తడబడే సుజన దాన్ని బెంగాలీ లిపిలో దించుకుంది. అది ఏదో దేవుడి సహస్రనామాల్లోంచి జారిపడ్డట్టు అనిపించి ఊరుకుంది. ఇప్పుడు ఆ దేవుడు నీలిరంగు బకెట్టు రూపంలో కుళాయి కింద ప్రత్యక్షమయ్యాడు.

బకెట్టు ఒక్కటే కాదు. దాలమ్మ మంచం గవరయ్య ఇంట్లో ఉంది. కంచం వెంకటేశు ఇంట్లో ఉంది. పగలు అక్కడ తింటుంది, రాత్రి ఇక్కడ, సుజన మంచానికి జానెడు దూరంలో పడుకుంటుంది. మంచం ఒకరు పెట్టారు, కంచం ఒకరు పెట్టారు. మీ అమ్మ ఎవరి దగ్గరుంటోంది అని ఎవరడిగినా, అన్నదమ్ములిద్దరూ రెప్పవేయకుండా "మా ఇంట్లోనే" అంటారు. ఇద్దరిదీ నిజమే. ప్రకృతి ఇంత సూక్ష్మమైన ఏర్పాటును క్లోరిన్‌లో పెట్టడానికి ముందు వాట్‌గంజ్‌లో పరీక్షించి చూసుకుందన్న నమ్మకం సుజనకు ఆ ఉదయమే కుదిరింది.

బంధాలకు దిష్టి తగులుతుందో లేదో రసాయన శాస్త్రం చెప్పదు. అదే సాయంత్రం వెంకటేశు మట్టికుండలో మిష్టీ దోయీ, అదే తీపి పెరుగు, పట్టుకుని వచ్చాడు. అతను హౌరా వైపు రైలుపెట్టెలు కడిగే యార్డులో పనిచేస్తాడు. రోజూ హుగ్లీ నది దాటి వెళ్ళి, దాటి వస్తాడు. వదిన అప్పాయమ్మ గుమ్మంలో కత్తిపీట మీద కాలు వేసి చేపకు పొలుసు తీస్తోంది. వెంకటేశు పెరుగుకుండను ఆమె పక్కన దించి, చేతులు నలుపుకుంటూ నిలబడ్డాడు.

"టికియాపారాల గది ఇచ్చీసినారొదినా. యార్డు పక్కనే. వొచ్చే వారం ఎలిపోతాం."

"బాగుంది మరి. రోజూ నది దాటే ఝామేలా తప్పింది," అంది అప్పాయమ్మ, పొలుసు మీదినుంచి చూపు తిప్పకుండా.

"అమ్మ కూడా మాతోటే ఒచ్చీస్తాది."

కత్తిపీట మీద చేప ఆగిపోయింది.

"ఏటి, ఒచ్చీస్తాదా? మంచం ఎవుల్ది?"

"మంచవేటొదినా, మంచం నీకాడే ఉంచుకో. మనిసిని అట్టుకెల్తాను."

"మనిసి నేకపోతే మంచం నాకెందుకురా? మీద దేవుడి బొమ్మలెట్టుకుందునా?"

గోడ అవతలినుంచి వెంకటేశు భార్య మేరీరాణి గొంతు వచ్చింది. ఆ గోడ ఒక ఇటుక మందం. దాని గుండా రానిది చేప వాసన ఒక్కటే, అది గుమ్మం గుండా వస్తుంది.

"కంచం మాది కాదేటక్కా? ఇన్నాల్లు తిండెవులెట్టినారు?"

"నువ్వెట్టిన తిండికేగదే ముసిల్ది పడుకునే ముందర మాకాడ మరమరాలు నముల్తాది!"

"నమిలితే నములుతాది! పళ్ళున్నాయి గనక నములుతాది! ఆ పళ్ళున్నది నా బువ్వ తినీసే!"

వెంకటేశు కూతురు పాప, ఈ వాదంలో తనకు సంబంధించిన భాగం పెరుగుకుండ మాత్రమేనని గ్రహించి, దానిలో వేలు ముంచింది. గవరయ్య అంతసేపూ అరుగుమీద కూర్చుని, ఆరిపోయిన బీడీని చూస్తున్నాడు. డాకులో క్రేను కింద నిలబడి, పైనున్నవాడికి చేతితో సైగలు చేయడం అతని పని; నోటితో చెప్పవలసిన మాటలు అతనికి ఎప్పుడూ ఆలస్యంగా దొరికేవి.

"ఆదోరం సంగంల కూకుందుం," అన్నాడు చివరికి. "సారంగు తాతని పిలుత్తాను." లైన్‌లో తగవులు తీర్చేది ఆ తాతే.

దాలమ్మ ఆ సమయంలో ఇంట్లో లేదు. మార్కెట్లో ఎండు నెత్తళ్ళ బేరంలో ఉంది.

శుక్రవారం ట్యూషన్ లైన్‌వాళ్ళ సంఘం గదిలో. గోడకు కాలెండరు, మూల క్యారంబోర్డు, మధ్యలో నల్లబల్ల. తిరుపతిరావు సారు కోస్తాజిల్లాలనుంచి ఉద్యోగం మీద వచ్చి, కాలేజీలో పాఠాలు చెప్పుకుంటూ, సెలవు వేళల్లో లైన్ పిల్లలకు ఉచితంగా చెప్పేవారు. సుద్దముక్కను విరిచి కొత్త అంచుతోగాని రాయని మనిషి. ఆయన రెండు గుండ్రాలు గీసి, మధ్యలో రెండు చుక్కలు పెట్టారు.

"సార్," అంది సుజన. "ఆ రెంటిలో ఒక పరమాణువు వేరే ఊరికి ట్రాన్స్‌ఫర్ అయిపోతే?"

"పరమాణువులకు బదిలీలుండవమ్మా."

"టికియాపారాకి ఉంటాయి సార్," అన్నాడు వెనకనుంచి ప్రదీప్‌కుమార్. లైన్‌లో వార్త నీటికన్నా ముందు వస్తుంది.

పిల్లలు నవ్వారు. సారు నవ్వలేదు, ప్రశ్న ఎవరిదైనా, ఎందుకొచ్చినా, దానికి జవాబు బాకీపడినట్టే ఆయన భావించేవారు. బల్లమీద ఒక గీత గీశారు. లోయలోకి దిగి మళ్ళీ మెల్లగా పైకెక్కే గీత.

"రెండు పరమాణువులు మరీ దగ్గరైతే ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. లోపలి ధనావేశాలు రెండూ ఎదురెదురు పడతాయి కదా. మరీ దూరమైతే మధ్యనున్న జంట ఇద్దరికీ అందదు. ఈ రెంటి మధ్య ఒక దూరం ఉంది. ఇదిగో, ఈ లోయ అడుగు. అక్కడ ఇద్దరికీ సుఖం. దాన్ని బంధ దూరం అంటాం."

సుజన మనసులో లోయ అడుగున ఒక ఇటుక మందం గోడ లేచింది. ఆ గోడ లేని రోజుల్లో అమ్మా పిన్నీ ఒకే పొయ్యి దగ్గర ఎలా ఉండేవారో ఆమెకు తెలుసు. గోడ హుగ్లీ నదంత వెడల్పయితే ఏమవుతుందో ఇప్పుడు తెలుస్తోంది.

"తెగిపోతే సార్? తెగినప్పుడు శక్తి బయటికొస్తాది కదా? అందుకే గదా అంత గోల?"

"అదే పొరపాటు. అందరూ చేసేదే." సారు సుద్దను బల్లకు ఆనించి, ఆ పొరపాటు చేసిన యావత్ మానవజాతి పట్ల క్షణకాలం విచారించారు. "బంధం ఏర్పడినప్పుడు శక్తి వెలువడుతుంది. తెగాలంటే, బయటినుంచి మనం పెట్టాలి. ఊరికే ఏ బంధమూ తెగదు."

అంటే నిన్న సాయంత్రం అమ్మ వేసిన కేకలు తెగడంవల్ల పుట్టినవి కావు. తెంచడానికి పెట్టిన పెట్టుబడి. సుజనకు ఈ విషయం ఇంట్లో చెప్పాలనిపించింది. చెప్పితే మరింత పెట్టుబడి వస్తుందని ఊరుకుంది.

శనివారం ఆమె పరిశోధనకు పూనుకుంది. పంచుకున్న జంట ఎప్పుడూ సరిగ్గా మధ్యలో ఉండదని, ఎవరి ఆకర్షణ ఎక్కువైతే అటు కాస్త ఒరుగుతుందని సారు చెప్పారు. ఆ ఆకర్షణకు ఋణవిద్యుదాత్మకత అని పేరు. పలకడానికే ఊపిరి బిగబట్టవలసిన ఆ గుణం తమ ఇంటికి ఎంత ఉందో, చిన్నాన్న ఇంటికి ఎంత ఉందో తేల్చాలి. తమవైపు మంచం, టీవీ, తాను. అటువైపు కంచం, అల్లం టీ, పాప. పాప దగ్గరికి రాగానే లెక్క అటువైపు వాలిపోయింది. సుజన పాపను పక్కన పెట్టి మళ్ళీ లెక్కవేసింది. శాస్త్రజ్ఞులకు ఇటువంటి సౌలభ్యం ఉంటుందని ఆమె ఎక్కడో విన్నది.

దాలమ్మ గుమ్మంలో చాట పెట్టుకుని నెత్తళ్ళు బాగుచేస్తోంది. బొటనవేలితో తల విరిచి, గోటితో పొట్ట గీరి, ఒంటిని చాటలోకి, తలను వాకిట్లో పిల్లివైపుకు. విరవడం, గీరడం, విసరడం. మూడింటి మధ్య ఎక్కడా ఆగదు. పిల్లి కూడా ఆ లయకే మెడ తిప్పుతోంది.

"ఏటే గుంటా, నన్నలగ సూస్తన్నావు? సచ్చిపోతన్నానేటి?"

"కాదు మామ్మా. నువ్వు ఎలక్ట్రానువి."

"అదేటి?"

"కరెంటు తీగలో ఉంటాది చూడు, అది."

"ఓలమ్మ! ముట్టుకుంటే కొడతానేటి?" దాలమ్మ తన చేతిని తిప్పి చూసుకుంది. ఉప్పు, పొలుసు.

"అది కాదే మామ్మా. నీవల్ల మేమిద్దరం అతుక్కొని ఉన్నాం. మేమూ, చిన్నాన్నోళ్ళూ."

"అతుక్కొనేటున్నారు? పొద్దున లేస్తే మీ అమ్మా మేరీ జుట్లు జుట్లు..."

"అదే. అయినా విడిపోలేదు కదా. నువ్వు లేకపోతే విడిపోదుం."

దాలమ్మ ఒక తల విరిచింది, విసిరింది. "సదువుకో తల్లీ, సదువుకో. పరీచ్చలో రాయి. సంగంలో సెప్పకు, నవ్వుతారు."

సరిగ్గా సంఘంలో చెప్పాలనే సుజన నిశ్చయించుకుంది. సృష్టిలోని నీటిచుక్క మొదలు ప్రతి వస్తువూ పంచుకోవడం మీద నిలబడి ఉండగా, ఒక్క వెంకటేశు చిన్నాన్న మాత్రం మొత్తం పట్టుకుపోతానంటే ప్రకృతి ఒప్పుకుంటుందా? సారంగు తాత ఒప్పుకుంటాడా? మామ్మ మంచం పక్కన లేని రాత్రిని ఆమె ఊహించబోయి, మధ్యలోనే ఆపేసింది. ఆ ముసలి ఊపిరి కొసన సన్నగా ఒక ఈల వినపడుతుంది. పరీక్షల ముందు నిద్రపట్టని సుజనకు ఆ ఈల ఒక్కటే మందు. వాదంలో ఆ సంగతి ఎక్కడా రాకూడదు. శాస్త్రం ఉండగా ఈలలు ఎందుకు?

మధ్యాహ్నం వెంకటేశు వచ్చి తల్లిని గది చూపించడానికి తీసుకువెళ్ళాడు. చీకటిపడకముందే ఇద్దరూ బస్సు దిగారు. ఎలాగుందని లైనంతా అడిగింది. "బాగుంది," అంది దాలమ్మ, మిగిలిన నెత్తళ్ళ చాట ముందుకు లాక్కుంటూ. అప్పాయమ్మ ఆ ఒక్క మాటను సాయంత్రమంతా తిరగేసి మరగేసి చూసింది. బాగుంది అంటే గది బాగుందనా, వెళ్ళడం బాగుందనా, బస్సు బాగుందనా? గవరయ్యను అడిగితే, అతను క్రేను వాడికి 'ఆపు' అని చెప్పే సైగ చేశాడు.

ఆదివారం సంఘం గదిలో క్యారంబోర్డును గోడకు ఆనించి, బెంచీలు సర్దారు. ఇమ్మానుయేలు తాత కిటికీ పక్క కుర్చీలో కూర్చున్నాడు. ఒకప్పుడు ఓడమీద కూలీల జట్టుకు సారంగుగా, అంటే మేస్త్రీగా, ఉన్నవాడు. ఏ తగవునైనా బరువైన మూటలాగే చూసేవాడు: ఎటునుంచి పట్టుకుంటే నలుగురికీ సమానంగా మోత పడుతుంది, అంతే ఆయన న్యాయశాస్త్రం. తిరుపతిరావు సారు ట్యూషనుందనుకుని వచ్చి, లేదని తెలిసి, ఇచ్చిన టీ గ్లాసు వదిలి వెళ్ళడం మర్యాద కాదని ఉండిపోయారు. ఆడవాళ్ళు గుమ్మం వైపు, మగవాళ్ళు బల్ల వైపు. దాలమ్మ గుమ్మానికి దగ్గరగా చాపమీద, ఒడిలో పాప చెప్పుల జోడుతో. పాప జోడు లేకుండా ఎక్కడో తిరుగుతోంది.

వెంకటేశు తన మాట చెప్పాడు. గవరయ్య తన మాట చెప్పబోయి, చేయి లేపి దించాడు. అప్పాయమ్మ ఆ సైగకు అర్థం విప్పి చెప్పింది, చాలాసేపు పట్టింది. మేరీరాణి మధ్యలో రెండుసార్లు కంచం ప్రస్తావన తెచ్చింది.

"గవరయ్యా, నీ కూతురేటో సెప్తానంటంది," అన్నాడు ఇమ్మానుయేలు. "సదువుకున్న పిల్ల. సెప్పమ్మా."

సుజన లేచి బల్ల దగ్గరికి వెళ్ళింది. సుద్దను, సారులాగే, విరిచింది. రెండు గుండ్రాలు గీసింది. ఒకదానికి 'గ', ఒకదానికి 'వె' అని బెంగాలీలో రాసింది. తర్వాత చెప్పడం మొదలుపెట్టింది. ఏడేసి ఎలక్ట్రాన్లతో అశాంతిగా తిరిగే రెండు పరమాణువుల దైన్యం గురించి చెప్పింది. మంచం ఒకరు, కంచం ఒకరు మధ్యలో పెట్టిన ఔదార్యం గురించి చెప్పింది. ఒకే జంటను ఇద్దరూ లెక్కపెట్టుకోవడం మోసం కాదనీ, లోకమంతా నిలిచి ఉన్నది ఆ లెక్కమీదేననీ చెప్పింది.

"మనం తాగే నీళ్ళు ఇలగే. మనం పీల్చే గాలి ఇలగే. ఈ సుద్దలో కూడా ఉంది, ఈ టీలో పంచదారలో కూడా ఉంది. మొత్తం నాదే అని లాక్కుంటే ఇద్దరూ మళ్ళీ ఏడుకే వచ్చేస్తారు..." అని, అనుమానం వచ్చి సారువైపు చూసింది. లాక్కున్నవాడికి ఎనిమిది ఉంటాయి. ఆ సంగతి సారుకు తెలుసు. సారు టీ గ్లాసులోకి చూస్తున్నారు. "...అందుకని సిన్నాన్న అలగ సెయ్యకూడదు," అని ముగించింది.

గదిలో తలలన్నీ గంభీరంగా ఊగాయి. సగం మందికి అర్థంకాలేదు. అర్థంకానివాళ్ళే ఎక్కువ కదిలిపోయారు. వెంకటేశు తల దించుకున్నాడు. తాను పెరుగుకుండతో బయలుదేరినవాడు పంచభూతాలకు ఎదురుతిరిగినవాడుగా తేలడం అతనికి మింగుడుపడలేదు.

"బాగా సెప్పింది," అన్నాడు ఇమ్మానుయేలు. "అయితే నదిని పక్కకి జరపనేం గదా. ఏటి సేద్దుం?"

గవరయ్యకు అప్పుడు, జీవితంలో బహుశా మొదటిసారి, మాట వేళకు దొరికింది. "నెలా, నెలా," అన్నాడు. "ఓ నెల ఆడికాడ. ఓ నెల నాకాడ."

సుజన ముఖం వెలిగిపోయింది. "రెజొనెన్స్!" అని కేకవేసింది. ఎవరూ అడక్కుండానే బల్లమీద షట్కోణం గీసి, అందులో ఒకటి విడిచి ఒకటి జంటగీతలు పెట్టి, పక్కనే ఇంకో షట్కోణం గీసి, ఆ గీతలనే పక్క భుజాలమీదికి జరిపి, రెంటి మధ్య అటూఇటూ మొనలున్న బాణం వేసింది. "బెంజీన్! కాసేపు ఇలగ, కాసేపు ఇలగ. ఇలగ తిరగడంవల్లే అది అంత గట్టిది. సైన్సు ఎప్పుడో సెప్పింది నాన్నా!"

తన తీర్పును సైన్సు ఎప్పుడో చెప్పిందన్న వార్తకు గవరయ్య సిగ్గుపడ్డాడు. జనం హర్షించారు. అప్పాయమ్మ చెంగుతో కళ్ళొత్తుకుంది. సగం మంచం మిగిలింది కదా. మేరీరాణి సగం కంచం మనసులో లెక్కవేసుకుని, పరవాలేదన్నట్టు తల ఊపింది. ఇమ్మానుయేలు మూటను నలుగురూ సమానంగా ఎత్తినట్టే భావించి కుర్చీలోంచి లేవబోయాడు.

తిరుపతిరావు సారు గొంతు సవరించుకున్నారు. ఆయన సహజంగా దయగల మనిషి. ఆ బాణాన్ని అలా వదిలేసి ఇంటికి వెళ్ళగలిగితే ఎంత బాగుండునని ఆయనకూ అనిపించింది. వదల్లేకపోయారు.

"ఒక్క చిన్న సవరణ అమ్మా. బెంజీన్ కాసేపు ఇలా, కాసేపు అలా ఉండదు. చాలామంది అలా పొరబడతారు. ఈ రెండు బొమ్మలూ మనం గీసుకునేవే. అది ఎప్పుడూ ఈ రెంటి మధ్య ఒకేలా ఉంటుంది." చేతిలోని గ్లాసు ఎత్తి చూపించారు. "ఇదిగో, టీ. ఒక గుక్క పాలూ, ఒక గుక్క డికాషనూ తాగుతున్నామా? ప్రతి గుక్కా టీయే."

"అయితే మరి మామ్మ ఎక్కడుండాలి సార్?" అంది సుజన, సుద్ద చేతిలోనే ఉండగా.

"శాస్త్రప్రకారమైతే... ఎప్పుడూ మధ్యలోనే."

"మద్దినంటే," అన్నాడు ఇమ్మానుయేలు ఆలోచనగా, "నదిల లాంచీమీద."

గది పగలబడి నవ్వింది. అన్నదమ్ములు ఒకరినొకరు చూసుకుని నవ్వారు. తోడికోడళ్ళు నవ్వారు, ఒకరి భుజంమీద ఒకరు చెయ్యివేసుకుని మరీ నవ్వారు. నాలుగు రోజులుగా పోగుపడిన శక్తి అంతా ఆ నవ్వులో వెలువడింది. సారు కూడా, తన మాట ఎక్కడికి చేరిందో ఆలస్యంగా తెలిసి, నవ్వారు.

సుజన నవ్వబోయి దాలమ్మవైపు చూసింది. దాలమ్మ నవ్వడం లేదు. కోపంగానూ లేదు. ఒడిలోని పాప జోడుకు అంటిన మట్టిని గోటితో గీరుతోంది, నెత్తలిని గీరినట్టే. సుజన బల్లవైపు తిరిగింది. రెండు గుండ్రాలు, మధ్యలో రెండు చుక్కలు. పుస్తకంలో ఆ అధ్యాయమంతా ఆమెకు కంఠస్థం. ఏ పేజీలోనూ ఎవరూ ఆ చుక్కలను ఏమీ అడగలేదు. ఈ గదిలోనూ అడగలేదు. తానూ అడగలేదు. పాపను పక్కన పెట్టి లెక్కవేసింది, టీవీని లెక్కవేసింది. జానెడు దూరంలో పడుకునే మనిషిని మాత్రం అడగలేదు.

ఆమె సుద్దను కిందపెట్టి, చాప దగ్గరికి వెళ్ళి గొంతుకూర్చుంది.

"మామ్మా. నువ్వెక్కడుంటావు?"

నవ్వులు సద్దుమణిగాయి. దాలమ్మ తల ఎత్తి, గదినంతా ఒకసారి చూసింది, ఇంతమంది ఎందుకు తనవైపు తిరిగారో తెలియనట్టు.

"నానా? నాను టికియాపారా ఎలిపోతాను."

బస్సు కండక్టరుకు స్టాపు చెప్పినంత మామూలుగా చెప్పింది.

"నెల నెలా గదే అమ్మా?" అన్నాడు గవరయ్య.

"నెల నెలా ఎవులు తిరుగుతార్రా? ఆడే ఉంటాను. పండక్కొస్తాను."

తీర్పు చెప్పవలసిన పని ఇమ్మానుయేలుకు ఇక లేకపోయింది. అప్పాయమ్మ ఏడవలేదు. ఖాళీ టీ గ్లాసులన్నీ ఏరుకుని, బయట తొట్టి దగ్గర కూర్చుని కడగడం మొదలుపెట్టింది. కడిగినవాటినే మళ్ళీ తీసి కడిగింది. మేరీరాణి వెళ్ళి పక్కన కూర్చుని, ఒక గ్లాసు అందుకోబోతే, ఇవ్వలేదు. గెలిచిన వెంకటేశు మాత్రం గదిలో అందరికన్నా దిక్కుతోచనివాడిగా కనిపించాడు. అన్న ముఖం చూడలేక, గోడకు ఆనించిన క్యారంబోర్డును తీసి మళ్ళీ ఆనించాడు.

కారణాల అన్వేషణ మాత్రం ఆ సాయంత్రమంతా సాగింది. కడగొట్టు కొడుకు మీద తల్లిప్రాణం అలాగే ఉంటుందని ఇమ్మానుయేలు చెప్పాడు. లేదు, లేదు, పసిపిల్ల ఆకర్షణ అటువంటిదని తిరుపతిరావు సారు, ఋణవిద్యుదాత్మకత పేరెత్తకుండానే, దానినే వివరించారు. మేరీరాణి చేసే చింతపండు పులుసు మహిమ అని కొందరు. అప్పాయమ్మ నోటి మహిమ అని కొందరు. ఇది మెల్లగా చెప్పుకున్నారు. కన్నపేగు, విధి, వయసు, వైరాగ్యం, ఎవరికి అందిన తత్వాన్ని వారు దించారు. సుజన ఏ మాటా నమ్మలేదు, ఏ మాటా కొట్టివేయలేదు. రాత్రి ఆ ఈల వింటూ మేలుకునే ఉంది. తామే ఏదో తక్కువ చేశారు. ఏమిటో ముసలమ్మ చెప్పదు.

సోమవారం గవరయ్య డాకుకు వెళ్ళలేదు. పొద్దున్నే తల్లి మంచాన్ని వాకిట్లోకి తెచ్చి, నవారు విప్పడం మొదలుపెట్టాడు. వెంకటేశు వచ్చి, "మంచవెందుకన్నయ్యా, నాను సెప్పినాను గదా," అన్నాడు.

"అమ్మకి ఈ మంచవే అలవాటు," అన్నాడు గవరయ్య. నవారును చేతికి మోచేతికి మధ్య చుట్టి, ముడివేసి, మంచం కోళ్ళను ఒక్కొక్కటిగా తట్టి విడదీశాడు. అన్నదమ్ములిద్దరూ కలిసి వాటిని మూడుచక్రాల వ్యానుమీదికి ఎత్తారు. గవరయ్య తాడు బిగించి, ఓడలోకి సరుకు దించే ముందు చూసినట్టు, నాలుగు వైపులా తిరిగి చూసి, 'సరే' అని సైగ చేశాడు.

మంచం ఆనవాలుగా ఇంట్లో గచ్చుమీద నాలుగు తెల్లటి గుండ్రాలు మిగిలాయి. సుజన వాటిని చూస్తూ నిలబడింది. సోడియం తన దగ్గరున్న ఆ ఒక్క ఎలక్ట్రానునూ క్లోరిన్‌కు పూర్తిగా ఇచ్చేస్తుందని, ఇచ్చి బీదదైపోకుండా లోపలి కక్ష్య నిండుగా బయటపడి స్థిమితపడుతుందని సారు చెప్పారు. నాన్న ముఖంలో ఆ స్థిమితం కోసం వెతికింది. అతను చేతికంటిన నవారు దుమ్మును దులుపుకుంటున్నాడు. దులిపినంత మాత్రాన పోవడం లేదు.

అప్పాయమ్మ బయటికి వచ్చి, నెత్తళ్ళ డబ్బా మూత బిగించి, మేరీరాణి చేతికిచ్చింది. మేరీరాణి రెండు చేతులతో అందుకుంది. తగవు లేకుండా ఇద్దరి మధ్య ఒక వస్తువు చేతులు మారడం లైన్ ఎన్నడూ ఎరగదు.

దాలమ్మ వ్యాను అంచుమీద కూర్చుంది. వెంకటేశు ముందుకు వెళ్ళి వ్యానువాడితో దారి మాట్లాడుతున్నాడు. సుజన దగ్గరికి వచ్చి, ముసలమ్మ మోకాళ్ళమీద చెయ్యి వేసింది.

"మామ్మా, మామీద కోపవా?"

"కోపవేటే? ఎందుకు?"

"మరి మేవేటి తక్కువ సేసినాం? పాపంటేనే నీకు ఇట్టవా? నిజం సెప్పు, నానేడవను."

దాలమ్మ అటూఇటూ చూసింది. గవరయ్య దూరంగా ఉన్నాడు. ఇమ్మానుయేలు టీకొట్టు దగ్గర ఎవరికో కన్నపేగు గురించి చెబుతున్నాడు. ఆమె మనవరాలి తలను దగ్గరికి లాక్కుని, చెవిలో రహస్యంగా అంది:

"ఆడ పాయికానా ఇంట్లోనే ఉందే. కుర్సీ నాగుంటాది. కూకుంటే మల్లీ లెగొచ్చు."